మదార్‌బీ చిక్కం సముద్రానికి

మదార్‌బీ జీవితంలో మొదటి గెలుపు మూడుంబావు కిలోల కొరమీను. తిరువూరులో చేపలు వండే ఏ ఇంట్లో అడిగినా ఈ మాట చెబుతారు. వండని ఇళ్లవాళ్లూ చెబుతారు, ఎందుకంటే ఆ రోజు చెరువు కట్ట మీద సగం ఊరు నిలబడి చూసింది.

అది ఊరికే చేతికి రాలేదు. మూడేళ్లు ఏడిపించింది. అప్పటికి మదార్‌బీకి ముప్పై దాటాయి. చంకలో పిల్ల షహనా, నెత్తిన బట్టల మూట. ఉతికినవి ఆరేలోపు తుంగ పక్కన గాలం వేసుకుని కూర్చునేది. కొరమీను మిగతా చేపల్లా అడుగునే ఉండి ఊరుకోదు. గాలి కోసం పైకొచ్చి, ఒక్క గుటక వేసి, మళ్లీ దిగిపోతుంది. ఆ గుటక చప్పుడు ఎక్కడ వినబడుతుందో మదార్‌బీ గుర్తుపెట్టుకుంది. మొదటి ఏడు దారం తెంపుకుపోయింది. రెండో ఏడు గాలం కూడా మింగేసి పోయింది. మూడో ఏడు కప్పపిల్లని గుచ్చి వేస్తే దబ్బున అందుకుంది గానీ, ఒడ్డు దాకా వచ్చి తుంగలో దూరి మొరాయించింది. దారం వేళ్లను కోసేస్తోంది. కట్ట మీద మగవాళ్లు ఒకటే అరుపులు: "వదిలెయ్ తల్లీ, వేళ్లు తెగుతాయి! ఆడదానివి, నీ వల్ల కాదు!"

వదిలితే మదార్‌బీ ఎందుకవుతుంది? పక్కన విస్సన్నపేట తోటకి ఇవ్వడానికి అల్లిన మామిడి చిక్కం ఉంది. పొడుగాటి వెదురు గెడ, గెడ చివర ఇనుప ఉంగరం, ఉంగరానికి వేలాడే వల సంచి. కాయ నేల మీద పడి దెబ్బ తినకుండా, కొమ్మ మీది నుంచే సంచిలోకి దింపుకునే సాధనం అది. ఒక చేత్తో దారం పట్టుకుని, రెండో చేత్తో ఆ గెడని నీళ్లలోకి తోసి, కొరమీను తల కింద ఉంగరం పెట్టి ఎత్తింది. చేప ఎంత జారుడుదైనా వల సంచిలో తలకిందులుగా పడ్డాక ఎక్కడికి జారుతుంది? కట్ట మీద అరిచిన నోళ్లన్నీ అలాగే తెరుచుకుని ఉండిపోయాయి.

ఇంకో గొప్ప ఏంటంటే, తోటకి ఇవ్వాల్సిన ఆ చిక్కానికి చేప వాసన పట్టేసింది కదా. కూర పొయ్యి మీద పెట్టి, ఇంకో చిక్కం అల్లడానికి కూర్చుంది. చెప్పిన రోజుకే తోటకి అందించింది. చేప వాసన చిక్కాన్ని మాత్రం గెడ నుంచి విప్పి, ముందు గదిలో గోడకి మేకు కొట్టి తగిలించింది.

అప్పటి నుంచి అదే ఆనవాయితీ. ప్రతి ఏడూ మామిడి పూత దిగి పిందె పడే రోజుల్లో మొదట అల్లిన చిక్కాన్ని అమ్మదు. గోడకి తగిలిస్తుంది. ఏ ఏడు ఏదో తెలియడానికి ఉంగరం దగ్గర ఒక రంగు దారం చుడుతుంది. షహనాని బళ్లో వేసిన ఏడు ఆకుపచ్చ. భర్త పీర్‌సాహెబ్ అద్దె బండి మానేసి సొంత ఆటో కొన్న ఏడు పసుపు. ఎవరన్నా ఇంటికొస్తే గోడ చూపించి చెప్పేది, ఇదిగో ఇది ఫలానా ఏడు అని. చదువుకున్నవాళ్లు గోడకి సర్టిఫికెట్లు కట్టుకోరూ? అయిదో తరగతితో బడి మానేసిన మదార్‌బీకి అవే సర్టిఫికెట్లు.

వాటికి తగ్గ పేరూ సంపాదించింది. నూలు దారం వానకి పుచ్చిపోతోందని మా వైపు చిక్కాలకి నైలాను దారం తెచ్చింది మదార్‌బీయే. బంగినపల్లికి ఒక కన్ను, చిన్నరసానికి ఇంకో కన్ను అని వల కన్నుల కొలత వేరు చేసింది కూడా ఆమే. పెనుగొలనులో మేకపిల్ల బావిలో పడితే, నిచ్చెన కోసం మనుషులు పరిగెడుతుండగా చిక్కం దింపి పైకి లాగింది. పీర్‌సాహెబ్ కాలు విరిగి మంచాన పడ్డప్పుడు ఆటో నేర్చుకుని విస్సన్నపేట రూట్లో తనే తోలింది. ఇన్నిటిలోనూ ఆమె గొప్పగా చెప్పుకునేది మాత్రం ఒకటే: చెప్పిన రోజుకి చిక్కం ఇవ్వని ఏడు లేదు.

ఇక సముద్రం సంగతి. దానికి కారణం అంతోనమ్మ.

అంతోనమ్మది నిజాంపట్నం దగ్గర సముద్రపు పల్లె. చలికాలంలో ఎండు చేపల గంప ఎత్తుకుని తిరువూరు సంతకి వస్తుంది. భర్త పోయాక పడవ తనే నడిపిస్తోంది. ఇంజను పెట్టిన ఫైబర్ పడవ. ఒడ్డు కనబడే దూరంలోనే వేట. మూడేళ్ల కిందట సంతలో మదార్‌బీ ఎండు మెత్తళ్లు కొంటూ మాటల్లో మాటగా కొరమీను కథ చెప్పింది. అంతోనమ్మ విని పకపకా నవ్వింది.

"అక్కా, చెరువులో చేపంటే దొడ్లో కట్టేసిన మేక. ఎటు పోయినా గట్టే కదా తగిలేది! మా దగ్గరికొచ్చి పండుగప్పని పట్టు, అప్పుడు నీ చిక్కానికి నేనే దండ వేస్తా."

"పడతాను. పడవ ఎక్కించుకుంటావా మరి?"

"నా పడవ నా ఇష్టం. ఎక్కించుకుంటా. వేసవికి ముందు రా. ఏప్రిల్ పదిహేను నుంచి రెండు నెలలు వేట బంద్, చేపలు గుడ్లు పెట్టే కాలం."

మొదటి ఏడు పీర్‌సాహెబ్ కంటి ఆపరేషను అడ్డొచ్చింది. నిరుడు షహనా కాన్పు. ఈ ఏడు సంతలో అంతోనమ్మ గంప ఎత్తుకుంటూ అసలు మాట చెప్పింది. "ఈసారి రాకపోతే ఇక లేదక్కా. బంద్ అయ్యాక పడవ మా తమ్ముడి చేతికి ఇచ్చేస్తున్నా, మోకాళ్లు సహకరించట్లేదు. వాడు ఆడవాళ్లని పడవ ఎక్కనివ్వడు, అచ్చిరాదంటాడు. నువ్వు మేకని పట్టి కొరమీను అని చెప్పుకుంటూ ఉండిపో."

ఆ మాట మదార్‌బీకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. అరవై ఒకటో ఏట పడింది. సముద్రం టీవీలో తప్ప చూడలేదు. ఈ ఏడు పోకపోతే ఇంకో పడవ లేదు. తనని ఎక్కించుకునే ఇంకో అంతోనమ్మా లేదు.

పీర్‌సాహెబ్ ప్రయాణం ప్లాను తన చేతుల్లోకి తీసుకున్నాడు. ముప్పై ఏళ్లు షేర్ ఆటో తోలినవాడు. ఏ బస్సు ఎన్నింటికి కదులుతుందో, ఏ కూడలిలో ఏ బండి దొరుకుతుందో కళ్లు మూసుకుని చెబుతాడు. రంజాన్ పండగ సోమవారం అయిపోయింది. శుక్రవారం, అంటే నాలుగో తారీఖు బయల్దేరాలి. విజయవాడ, అక్కడి నుంచి రేపల్లె, రేపల్లె నుంచి పల్లెకి ఆటో. శనివారం ఉదయం ఆరింటికి పడవ ఎక్కడం, పదకొండుకి దిగడం. ఆదివారం ఇంటికి. మదార్‌బీ గాలానికి ఎరలు కూడా సిద్ధం చేసింది. పెరట్లో అరటి మొదలు తవ్వి, బలిసిన వానపాములు ఏరి, మట్టికుండలో పేడమట్టి వేసి దాచింది.

బుధవారం ఉదయం ఫోను స్పీకరులో పెట్టి అంతోనమ్మకి ఈ సంగతంతా చెప్పారు.

అవతల అంతోనమ్మ అంతా వింది. తర్వాత, "అన్నా, శనివారం ఆరింటికి పడవ ఎక్కుతావు సరే. దాన్ని నెత్తిన పెట్టుకుని పోతావా? నీళ్లుండవుగా."

పీర్‌సాహెబ్ భార్య మొహం చూశాడు. "సముద్రంలో నీళ్లుండకపోవడమేంటమ్మా! మా చెరువంటే మే నెలకి ఎండుతుంది. సముద్రం కూడా ఎండుద్దా?"

అంతోనమ్మ నవ్వు ఫోను దాటి పక్కింటి దాకా వినబడింది. నవ్వడం అయ్యాక వివరంగా చెప్పింది. పడవ ఉండేది సముద్రంలో కాదు, కాలువలో. కాలువ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట ఉంది. పోటు వచ్చి నీళ్లు లేస్తేనే పడవ మేట దాటుతుంది. అష్టమి రోజుల్లో పోటు నీరసంగా వస్తుంది, పడవ అడుగు ఇసుకలో దిగబడుతుంది. పౌర్ణమి దగ్గరైతే నీళ్లు నిండుగా లేస్తాయి. "నీ గడియారం చూసి రాదన్నా నీరు. పన్నెండు శనివారం పౌర్ణమి. పదకొండున బయల్దేరి రాండి. శని, ఆదివారాలు రెండు రోజులు వేట చేయిస్తా. సోమవారం తిరిగి పోండి. ఆ రాత్రి నుంచి ఎట్టాగూ బంద్."

"ఎరలు కుండ నిండా పెట్టాను అంతోనమ్మా," అంది మదార్‌బీ.

"ఏం ఎరలు?"

"వానపాములు. వేలు లావున ఉన్నాయి."

"ఉప్పునీళ్లలో వేస్తే కొంకికి తోలు మిగులుద్ది అక్కా! వాటిని మీ కోళ్లకి వెయ్. పండుగప్పకి బతికున్న రొయ్య కావాలి, అది నేను చూసుకుంటా. నువ్వు నీ చేతుల్ని తెచ్చుకో, చాలు."

మదార్‌బీ కుండ తీసుకెళ్లి వీరరాఘవయ్య కోళ్ల ముందు కుమ్మరించింది. వీరరాఘవయ్యది ఆటో స్టాండు పక్కన టీ కొట్టు. ఊళ్లో ఏ సంగతైనా అతని పొయ్యి మీద మరిగాకే బయటికి వస్తుంది.

"ఏం చెల్లెమ్మా, సముద్రం ఎండిపోయిందంట?"

"ఎండలేదు అన్నయ్యగారూ. మీ టీలో పాలలాగా వస్తూ పోతూ ఉంటుందంట."

కొట్లో ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. వీరరాఘవయ్య ఆ రోజు ఆమె టీలో పాలు కాస్త ఎక్కువే పోశాడని చెప్పుకుంటారు.

నవ్వులు బాగానే ఉన్నాయి గానీ, తారీఖు మారడంతో అసలు చిక్కొచ్చి పడింది. పెనుగొలను మామిడి తోట ఆసామి శివపార్వతమ్మకి నలభై చిక్కాలు ఇస్తానని మదార్‌బీ మాటిచ్చి ఉంది. పన్నెండు శనివారం ఆ తోటలో మొదటి కోత. కూలీలు ఆ పొద్దుకి వస్తారు. పాత ప్లాను ప్రకారమైతే సముద్రం నుంచి వచ్చి తీరిగ్గా పూర్తి చెయ్యొచ్చు. ఇప్పుడు పదకొండు శుక్రవారం మధ్యాహ్నంలోగా అయిపోవాలి. చిక్కాలు ఆలస్యమైతే మాట పోతుంది, ప్రయాణం ఆగితే సముద్రం పోతుంది.

"నేను సాయం చేస్తా," అన్నాడు పీర్‌సాహెబ్.

"నీ చేతికి స్టీరింగ్ తప్ప సూది ఎక్కదయ్యా."

"ఎన్ని ఏళ్లుగా చూస్తున్నానే! ముడి వెయ్యడం నాకు రాదా? ఆటో టాపు మీద బస్తాలు కట్టింది ఎవరు, మా తాతా?"

వేరే దారి లేక ఒప్పుకుంది. నడుము భాగం తను అల్లేది. సంచి అడుగున కన్నులన్నీ దగ్గరకి లాగి బిగించే పని కొన్నిటికి అతనికి ఇచ్చింది. పీర్‌సాహెబ్ మధ్యాహ్నం ట్రిప్పులు మానేసి, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, నాలుక బయటపెట్టి శ్రద్ధగా కట్టాడు.

పొద్దున్నే మాత్రం మదార్‌బీ సాధన మానలేదు. చెరువులో చేపలు పట్టేవాళ్లు థర్మాకోల్ షీట్లు కట్టి చేసుకునే తెప్ప ఒకటి అడిగి తీసుకుంది. దాని మీద కూర్చుని, కర్ర లేకుండా వట్టి చేతిదారంతో సీసపు గుండు విసరడం నేర్చుకుంది. సముద్రంలో దారాన్ని చేత్తోనే విసిరి చేత్తోనే లాగాలని అంతోనమ్మ చెప్పింది మరి. మొదటి రోజు గుండు పోయి తుమ్మచెట్టుకి చిక్కుకుంది. రెండో రోజు తెప్ప ఒరిగి నడుము దాకా మునిగింది. ఒడ్డున బర్రెలు కడుగుతున్నవాళ్లు "మదార్‌బీ, సముద్రం ఇంకా లోతు!" అన్నారు. "అందుకేగా ముందు ఇక్కడ మునుగుతున్నా!" అని అరిచి చెప్పింది. వారం తిరిగేసరికి తాను అనుకున్న తామరాకు పక్కన గుండు పడేలా విసరగలిగింది. ఒక చిన్న జెల్లని కూడా లాగింది. దాన్ని చూసి, "నీ పెద్దన్నని పట్టడానికి పోతున్నా," అని చెప్పి నీళ్లలో వదిలేసింది.

పదో తారీఖు గురువారం సాయంత్రానికి నలభై చిక్కాలూ అయ్యాయి. వసారాలో వరసగా దండెం మీద వేలాడదీస్తే ఇల్లంతా వలల పందిరిలా ఉంది. ఇక ఆఖరి పని రాయి పరీక్ష. పాత రెండు కిలోల తూకం రాయి మదార్‌బీ దగ్గర ఉంది. ప్రతి చిక్కంలో ఆ రాయి వేసి, గెడ ఎత్తి, మూడుసార్లు కుదిపి చూస్తుంది. కొమ్మ మీది కాయ మెల్లగా పడదు కదా. రాయి తట్టుకున్న చిక్కమే గడప దాటాలి. ఆమె పెట్టుకున్న కట్టుబాటు అది.

మొదటివి బాగానే ఉన్నాయి. మధ్యలో ఒకటి ఎత్తి కుదిపేసరికి రాయి సర్రున జారి నేల మీద దబ్బుమంది. పీర్‌సాహెబ్ కాలు వెనక్కి లాక్కున్నాడు. సంచి అడుగు పూర్తిగా విచ్చుకుపోయి, కన్నులు ఒకదాని వెనక ఒకటి సగం దాకా ఊడొచ్చాయి. ఇంకోటి వేసింది. అదీ అంతే. అలా ఆరు.

మదార్‌బీ ఆ అడుగు దారం పట్టుకుని కళ్లకి దగ్గరగా పెట్టుకుంది. ఒక కొస పట్టి చిన్నగా లాగింది. ముడి వెన్నలా విడిపోయింది.

"ఇది ఏం ముడయ్యా?"

పీర్‌సాహెబ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "బస్తాల ముడి."

"బస్తాల ముడా!"

"గట్టిదేనే. విజయవాడ దాకా కదలదు. దింపేటప్పుడు మాత్రం ఒక్క లాగుకి ఊడాలి కదా, వెనక బండ్లు హారన్ కొడుతుంటాయి..." అని, తను చెప్పేదేంటో తనకే అర్థమై ఆగిపోయాడు.

మదార్‌బీకి కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. తన భర్త ముప్పై ఏళ్లు నేర్చుకున్న విద్య అంతా ఎంత తొందరగా ఊడాలి అన్నదే. తన విద్య ఎప్పటికీ ఊడకూడదు అన్నది. రెండు విద్యలూ ఒకే సంచిలో పెట్టింది తనే. చెప్పకపోవడం తన తప్పే.

"రేపు కూర్చుని మళ్లీ అల్లుదాం," అన్నాడు అతను చిన్న గొంతుతో.

"సగం దాకా ఊడినవి ఆరు. రేపు చీకటి పడే దాకా పడుతుంది. బస్సు ఎవరు ఎక్కుతారు?"

"శివపార్వతమ్మ గారికి ఫోన్ చేసి, ఆరు తర్వాత ఇస్తామని చెప్పనా? ఆవిడేం కాదనరు."

"ఆవిడ కాదనరు. నేను కాదంటాను. నలభై అని నా నోటితో అన్నాను."

"అయితే సముద్రం?"

మదార్‌బీ లేచింది. ముందు గదిలోకి వెళ్లి నిలబడింది. గోడ నిండా చిక్కాలు. దాదాపు ముప్పై ఏళ్లవి. ఫ్యాను గాలికి మెల్లగా ఊగుతున్నాయి. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు. ఒక్కొక్కటీ ఒక్కో ఏటి మొదటి పని. చేతికి నొప్పి లేని రోజుల్లో, కంటికి అద్దాలు లేని రోజుల్లో అల్లినవి. చాలాసేపు చూసింది. తర్వాత స్టూలు లాక్కుని ఎక్కింది.

"ఏమే, పడతావు! ఏం చేస్తున్నావు?"

"రాయి తీసుకురా."

పసుపు దారం చుట్టిన చిక్కాన్ని మేకు నుంచి తీసింది. పీర్‌సాహెబ్ సొంత ఆటో కొన్న ఏటిది. అందులో రాయి వేసి, గెడకి తగిలించి, ఎత్తి కుదిపింది. ఒకసారి. రెండుసార్లు. మూడుసార్లు. దారం కిర్రుమని బిగిసింది గానీ ఒక్క కన్ను జారలేదు. ఆకుపచ్చ తీసింది. అదీ అంతే. పీర్‌సాహెబ్ చేతులు కట్టుకుని నిలబడి చూస్తూ ఉన్నాడు. నాలుగోది వచ్చేసరికి అతని కళ్లు తడిశాయి.

"అవి నీ గోడవి మదారూ. ఎవరికీ ముట్టనివ్వవు."

"గోడకి కాయలు కాస్తాయా? చెట్టుకి పోనీ."

ఆరు చిక్కాలు దించింది. ఆరూ రాయిని మోశాయి. చివరి మేకుకి మొట్టమొదటిది, కొరమీనుది, ఉంది. దాని మీద చెయ్యి వేసింది. తీసి దండెం మీద వెయ్యలేదు. వలని ఉంగరానికి చుట్టి ప్రయాణపు సంచిలో పెట్టింది.

మర్నాడు శుక్రవారం ఉదయమే శివపార్వతమ్మ చిన్న లారీ వేయించుకుని తనే వచ్చింది. కోత ముందు రోజు పనివాళ్లని నమ్మి ఊరుకునే మనిషి కాదు. మదార్‌బీ ఏదీ దాచలేదు. వసారాలో నలభై చిక్కాలు రెండు వరసలుగా పెట్టి, "ముప్పై నాలుగు కొత్తవి అమ్మగారూ. ఆరు పాతవి, నా గోడవి. పాతవని తగ్గవు. చూసుకోండి," అంది.

శివపార్వతమ్మ రాయి తీసుకుంది. పాతవాటిలో ఒకటి ఎంచుకుని, చీర కొంగు నడుముకి దోపి, తనే ఎత్తి కుదిపింది. మూడుసార్లు అనుకుంటే నాలుగోసారి కూడా కుదిపింది. తర్వాత ఉంగరం దగ్గర నీలం దారం చూసి వేలితో తడిమింది.

"ఈ నీలం ఏ ఏడు?"

"మీ తోట మొదటి కాపు వచ్చిన ఏడు అమ్మగారూ. మీ అత్తగారు ఇక్కడే కూర్చుని, బంగినపల్లికి కన్ను పెద్దది పెట్టు అని చెప్పారు."

శివపార్వతమ్మ కాసేపు ఆ చిక్కాన్ని అలాగే పట్టుకుంది. "మదార్‌బీ, ఇన్నేళ్ల దారం ఇలా ఉందంటే, నిన్ను వదిలి ఇంకొకళ్ల దగ్గరికి నేనెక్కడికి పోతాను? రేపు మొదటి కాయ ఈ నీలం దాంట్లోకే దింపిస్తాను. కోతలయ్యాక ఆరూ కడిగించి తెచ్చి నీ గోడకే తగిలిస్తా. అప్పటిదాకా నాకు అప్పు."

"అలాగే అమ్మగారూ."

"నీ సముద్రం సంగతి విన్నాను. వీరరాఘవయ్య కొట్లో టీ తాగాం. పండుగప్పని పడతావా?"

"పడతాను."

అనుమానం లేకుండా చెప్పింది. శివపార్వతమ్మ ఆమె భుజం తట్టి, లారీ ఎక్కి వెళ్లింది.

జుమ్మా నమాజు అయ్యాక బస్టాండు దాకా ఆటోలో వెళ్లారు. పీర్‌సాహెబ్ ఒళ్లో ఒక సంచి. అందులో ఊడిపోయిన ఆరు చిక్కాలు, వల అల్లే సూది, కొత్త దారం కండె. బస్సులో కూర్చుని ఆ బస్తాల ముళ్లు తనే విప్పి, అసలు ముడి ఆమె దగ్గర నేర్చుకుని తనే వెయ్యాలని తీర్పు అయింది. సముద్రంలోకి అతను రాడు. ఈత రాదు. ఒడ్డున కూర్చుని మిగతా పని పూర్తి చేస్తాడు. పడవలోకి ఆమె ఒక్కతే, అంతోనమ్మతో. లైఫ్ జాకెట్టు అంతోనమ్మ ఇస్తానంది. మదార్‌బీ చేతిలో గెడ. గెడకి కొరమీను చిక్కం.

బస్టాండులో సగం ఆటో స్టాండు వచ్చి నిలబడింది. ఆటోవాళ్లు, పళ్ల బండ్లవాళ్లు, షహనా చంకలో పిల్లతో. వీరరాఘవయ్య ఫ్లాస్కులో టీ పోసి తెచ్చాడు, పాలు బాగా పోసి.

"పొడుగు గెడ బస్సులోకి రాదమ్మా," అన్నాడు కండక్టరు.

"ముప్పై ఏళ్లుగా చెరువు దాకా వచ్చింది, బస్సులోకి రాదా?" అని, అడ్డంగా కాకుండా నిలువునా సీట్ల మధ్య నుంచి వెనక దాకా జార్చింది. కండక్టరు నవ్వి పక్కకి జరిగాడు.

షహనా కిటికీ దగ్గరికి వచ్చి, "అమ్మా, కళ్లు తిరిగితే గొప్పకి పోకుండా ఒడ్డుకి తెమ్మను," అంది.

"తిరిగితే తిరగనీ. కళ్లే కదా తిరిగేది, చేతులు కాదుగా."

వీరరాఘవయ్య కిటికీలోకి తల పెట్టాడు. "చెల్లెమ్మా, పండుగప్ప తలకాయ నాకు రాసిపెట్టు. ఐసు డబ్బా కూడా నేనే ఇచ్చా, మర్చిపోకు."

"మీరు మసాలా నూరించి పెట్టండి అన్నయ్యగారూ."

"నూరిస్తాను సరే, ఎప్పటికి? ఆ సముద్రం గడియారం చూడదంట కదా, రేపొస్తావో ఎల్లుండొస్తావో ఎవరికి తెలుసు?"

బస్సు కదిలింది. మదార్‌బీ తల బయట పెట్టి, స్టాండు అంతా వినబడేలా గట్టిగా చెప్పింది.

"సముద్రం చూడదేమో, నేను చూస్తాను! మాటిచ్చిన రోజు దాటిన ఏడు లేదు. పొయ్యి వెలిగించి ఉంచండి. ఏప్రిల్ పద్నాలుగు, సోమవారం సాయంత్రానికి వస్తున్నాను!"